ఉపవాసాల చాటున

నా నోట్లో నువ్వుగింజ నానదని మా వీధి వీధంతా చెబుతుంది. అబద్ధమేం కాదు. గుంటూరులో కారం మిల్లు నడిపేదాన్ని. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మిల్లు చప్పుడు మీద అరిచి అరిచి నా గొంతే అలా తయారైంది. చెవిలో చెప్పాల్సిన మాట కూడా నాలుగిళ్ళ అవతలికి వినబడుతుంది. అలాంటి నేను ఒక మనిషి రహస్యాన్ని కడుపులో పెట్టుకుని నాలుగు నెలలు తిరిగాను. ఆ నెలల్లో పడినంత భయం ఆపరేషన్ బల్ల మీద కూడా పడలేదు.

ఆపరేషన్ అంటే లావు తగ్గడానికి పొట్టకి చేసేది. రెండువేలు దాటి ఏడెనిమిదేళ్ళైనా మా వైపు దాని పేరు విన్నవాళ్ళు తక్కువ. నా మోకాళ్ళు అరిగిపోయాయి. షుగరు ముదిరి ఇన్సులిన్ దాకా వచ్చింది. మిల్లులో కుర్చీలోంచి లేవాలంటే ఇద్దరు చెరో చెయ్యీ పట్టుకోవాలి. చూసి చూసి మా ఆయన హైదరాబాదు తీసుకెళ్ళాడు. పొట్టని చిన్న తిత్తంత చేసి, దాన్ని పేగులో కాస్త కిందికి తీసుకెళ్ళి కుడతారు. ఆషాఢంలో చేయించుకున్నాను. ఆ నెల పెళ్ళిళ్ళుండవు కాబట్టి భోజనాలకి పిలిచేవాళ్ళు ఉండరని నా ఎత్తు. తిరిగొచ్చాక ఎవరడిగినా, "అవును, పొట్ట కోయించుకున్నా, నీకేమైనా నొప్పా?" అనేదాన్ని. దాంతో వాళ్ళ నోళ్ళు మూతపడేవి.

ఆసుపత్రిలో నా పక్క మంచం మీదున్న అమ్మాయి అలా అనగలిగిన మనిషి కాదు. పర్చూరు వైపు పల్లెటూరు. నాకంటే చాలా చిన్నది, పిల్లలు లేరు. లావు తగ్గితే గాని కడుపు పండదని డాక్టర్లు చెప్పారట. వాళ్ళాయన పత్తి కొనుగోళ్ళ మీద ఊళ్ళు తిరుగుతాడు. విషయం అతనొక్కడికే తెలుసు. ఇంట్లో అత్తగారికి మాత్రం హెర్నియా ఆపరేషన్ అని చెప్పి వచ్చారు.

"ఎందుకే అబద్ధం?" అన్నాను.

"మా అత్తయ్య సంగతి నీకు తెలీదక్కా. పెళ్ళైన కొత్తలోనే పదిమందిలో నన్ను గున్న ఏనుగంది. ఇప్పుడు తిండి మానలేక కడుపు కోయించుకుందంటే ఊరంతా చెప్పుకుంటారు. ఆ ఇంట్లో ఇక నేను తలెత్తుకోలేను."

ఇంటికి పంపే రోజు తిండి గురించి చెప్పే మేడమ్ మా ఇద్దర్నీ కూర్చోబెట్టింది. బాగా చదువుకున్న పిల్ల, చిన్నదైనా భయం లేకుండా చెప్పేది. మెల్లగా నమిలి తినాలి, తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు, గుడ్డూ పప్పూ ముందు తినాలి, విటమిన్ మాత్రలు బతికున్నన్నాళ్ళూ మింగాలి అంది. తర్వాత గొంతు మార్చి ఇంకోటి చెప్పింది. "వాంతులు ఆగకపోతే, నడక తూలితే, ఒకటి రెండుగా కనబడితే ఒక్కరోజు కూడా ఆగకండి. మీ వైపు నీరసం అనగానే గ్లూకోజు ఎక్కిస్తారు. బి-వన్ విటమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతింటుంది. ప్రాణానికే మోసం."

మా వైపు గ్లూకోజు బాటిలంటే కాఫీ లెక్క. ఎండాకాలం వస్తే మా అమ్మ అడిగి మరీ పెట్టించుకునేది.

"ఇంట్లో చెప్పలేనివి చాలా ఉంటాయి. మీరిద్దరూ ఒక వైపు వాళ్ళేగా, ఒకరికొకరు చెప్పుకోండి" అంది మేడమ్. అక్కడే ఒప్పందం చేసుకున్నాం. ప్రతి ఆదివారం పొద్దున ఫోను. తిన్నది చెప్పాలి, పడనిది చెప్పాలి, మాత్ర మానేస్తే అదీ చెప్పాలి. ఒక్క మాట మాత్రం అనకూడదు: 'బాగున్నాను.' ఆ మాట కింద ఎంత చెత్తయినా దాచెయ్యొచ్చని నేనే ఆ నియమం పెట్టాను. ఆ అమ్మాయి కూడా తనదొకటి పెట్టింది.

"నీ నోటి మీద నాకు నమ్మకం లేదక్కా. మా ఊళ్ళో ఎవరికీ చెప్పనని నా తల మీద చెయ్యేసి ఒట్టెయ్యి."

వేశాను. అంత పెద్ద మాట అంత తేలిగ్గా ఎలా ఇచ్చానో!

మొదట్లో ఆదివారాలు సరదాగానే ఉండేవి. ఒక వారం నేను బుద్ధి గడ్డి తిని బస్టాండు దగ్గర చెరుకురసం తాగాను. మిల్లుకొచ్చేలోపే గుండె దడదడలాడింది, ఒళ్ళంతా చెమటలు పోశాయి. మిరపకాయ బస్తాల మీద పడుకుని ఇక పోతాననుకున్నాను. ఆదివారం దాచకుండా అంతా చెప్పాను.

"సిగ్గుండాలక్కా నీకు! గ్లాసుడు రసం కోసం చస్తావా?" అని ఆ అమ్మాయి కడిగిపారేసింది. నన్ను తిట్టే మనుషులు మా వీధిలో ఇంకా పుట్టలేదు. ఆ తిట్లు నాకు నచ్చాయి. మళ్ళీ చెరుకురసం బండి కనబడితే తాగబుద్ధి కాక కాదు, ఆదివారం చెప్పాల్సొస్తుందే అని పక్కకు తప్పుకునేదాన్ని. ఆ అమ్మాయీ అంతే, ఇడ్లీ గబగబా మింగి కక్కుకున్నానని, జుట్టు దువ్వెనకి కుచ్చులుగా వస్తోందని, రాత్రి ఏడ్చానని చెప్పేది.

శ్రావణంలో శుక్రవారం ఉపవాసం చేశానంది. చేస్తే చేసింది, మా ఇళ్ళల్లో శ్రావణ శుక్రవారం ఎవరు చెయ్యరు? తర్వాత శనివారం కూడా కలిసింది. భాద్రపదం వెళ్ళేసరికి మంగళవారం కూడా వచ్చి చేరింది.

"ఒసేయ్, ఇన్ని ఉపవాసాలైతే ఇంక తినేదెప్పుడే? దేవుళ్ళందరూ కలిసి నీకు గుడ్డు ఉడకేసి పెడతారా?" అన్నాను.

"ఏం కాదక్కా, బాగున్నాను."

ఆ మాట విన్నప్పుడే నాకు ఎక్కడో కలుక్కుమంది. "ఆ మాట అనకూడదు కదే" అన్నాను. నవ్వి ఫోను పెట్టేసింది.

తర్వాతి వారం అడిగాను, వాంతులున్నాయా అని. "ఉపవాసమైతే వాంతులెక్కడివక్కా?" అంది. ఆ జవాబు పట్టుకుని వారమంతా మిల్లులో తిరిగాను. మా వైపు ఎవరింటికన్నా వెళ్ళి వద్దంటే ఊరుకోరు. కడుపు నిండిందంటే ఇంకో ముద్ద పెడతారు. ఒంట్లో బాగాలేదంటే చారన్నమైనా తినాల్సిందే అంటారు. ఉపవాసం అంటేనే గరిటె పట్టిన చెయ్యి వెనక్కిపోతుంది. పైగా దణ్ణం పెడతారు. కొత్త పొట్టతో వెళ్ళిన మొదటి పెళ్ళిలో నేనూ ఆ మాట చెప్పే తప్పించుకున్నాను. అలాంటిది ఎదురుగా అత్తగారు కంచం పెట్టుకుని కూచునే ఇంట్లో, తిన్నది లోపల నిలవని మనిషి ఇంకెక్కడ దాక్కుంటుంది? తలుచుకున్న కొద్దీ భయమేసింది. ఆ అమ్మాయికి కోసిన కోతే నాకూ కోశారు. ఆమెకి వచ్చింది రేపు నాకు రాదని ఎవరు చెప్పగలరు? ఆ భయంతో ఆ వారం నేనూ సరిగ్గా తినలేకపోయాను.

కార్తీకం వచ్చింది. నెలంతా నక్తాలు పట్టానంది. పగలంతా ఏమీ ముట్టకుండా, రాత్రి చుక్కల్ని చూశాక ఒకసారి తినడం. "మా అత్తయ్య నన్ను చూసి మురిసిపోతోందక్కా, నా కోడలు దేవతని ఊరంతా చెబుతోంది" అంది. గొంతు బావి అడుగునుంచి వచ్చినట్టుంది. మాట మధ్యలో ఆగుతోంది. డాక్టర్ దగ్గరికి పోదాం పదవే అంటే, హైదరాబాదు వెళ్ళాలంటే అత్తయ్యకి ఏం చెప్పాలంది. వాళ్ళాయనకి ఫోన్ చేద్దామని చూశాను. పత్తి ఏరే రోజులు, ఆదోని వైపు ఎక్కడో ఉన్నాడట, ఫోను కలవదు. వాళ్ళత్తగారికి చెబుదామంటే ఒట్టు నాలుకని పట్టుకుంది. కక్కలేక మింగలేక చచ్చాను.

"మా ఊళ్ళో ఆదివారం వనభోజనాలు, నువ్వూ రా అక్కా. నీకూ హెర్నియా ఆపరేషనే అని చెప్పాను, గుర్తుంచుకో" అంది చివరికి. పిలవకపోయినా వెళ్ళేదాన్ని.

పొద్దున్నే బస్సెక్కాను. చిలకలూరిపేట దాటాక అటూ ఇటూ నల్లరేగడి చేలల్లో పత్తి విచ్చి ఉంది, కూలీలు వంగి ఏరుతున్నారు. రోడ్డు మీద ఆ అమ్మాయి నాకోసం నిలబడి ఉంది. బస్సు దిగి చూస్తే మొదట గుర్తుపట్టలేదు. నేనూ తగ్గాను గానీ అది తగ్గడం కాదు. మెడ ఎముకలు బయటికొచ్చి, పట్టుచీర ఒంటి మీద ఆరేసినట్టుంది. "వచ్చావా అక్కా!" అని నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టులో బలం లేదు. మామిడితోట దాకా నడుస్తుంటే కాళ్ళు ఎడంగా వేసి, బురదలో నడిచినట్టు నడిచింది.

"ఏమే ఆ నడక?"

"కాళ్ళు తిమ్మిర్లక్కా. ఉపవాసం కదా."

తోటలో ఉసిరిచెట్టు కింద పూజ అయిపోయింది. చాపల మీద బంతులు వేశారు. పులిహోర, గుమ్మడికాయ పులుసు, వంకాయ కూర, బూరెలు ఘుమఘుమలాడుతున్నాయి. పులుసు బకెట్టు పట్టుకుని వాళ్ళత్తగారు ఎదురొచ్చింది. బలమైన మనిషి, గొంతు నా గొంతుకి ఏమాత్రం తీసిపోదు.

"నువ్వేనా అమ్మా ఆసుపత్రి స్నేహితురాలివి? మా కోడలు నెల పొడుగునా పగలు పచ్చిగంగ ముట్టదు. చుక్క పొడిచాకే ఇంత తింటుంది. ఈ కాలంలో ఎవరు చేస్తారు చెప్పు?"

"ఎవరూ చెయ్యకూడదు పిన్నిగారూ" అన్నాను. ఆవిడ అది మెచ్చుకోలనుకుని నవ్వింది.

తినడం లేదు కాబట్టి ఆ అమ్మాయి వడ్డించడానికి దిగింది. నన్ను ఒక చివర కూచోబెట్టారు. గుమ్మడికాయ ముక్క నముల్తున్నానన్న మాటేగానీ నా కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. గరిటెతో పులుసు ముంచి ఒక పెద్దాయన విస్తరి పక్కన నేల మీద పోసింది. ఆయన విస్తరి జరుపుకున్నాడు. ఈసారి గరిటె తిన్నగా ఆయన పంచె మీద బోర్లించింది.

"అమ్మాయ్! విస్తరి ఇక్కడుంటే నువ్వెక్కడ పోస్తున్నావమ్మా?" అని ఆయన లేచాడు. బంతి బంతంతా నవ్వింది. "ఉపవాసం నీరసం పాపం" అన్నారెవరో. ఆ అమ్మాయి కూడా నవ్వుతూ గరిటె పట్టుకుని, ఉన్న విస్తరికీ లేని విస్తరికీ మధ్య నిలబడి చూస్తోంది.

ఒకటి రెండుగా కనబడితే ఒక్కరోజు కూడా ఆగొద్దని మేడమ్ చెప్పిన మాట చెవిలో గంట కొట్టినట్టు వినబడింది. ఎంగిలి చెయ్యి కూడా కడుక్కోకుండా లేచి వెళ్ళి బకెట్టు లాక్కున్నాను. చెట్టు చాటుకి తీసుకెళ్ళి రెండు వేళ్ళు చూపించాను.

"ఇవెన్నే?"

కళ్ళు చికిలించింది. నల్లగుడ్లు ఒకచోట నిలవడం లేదు, పక్కకి పక్కకి కొట్టుకుంటున్నాయి. "నాలుగు" అంది.

"ఎన్నాళ్ళ నుంచి వాంతులు? నిజం చెప్పవే, నీ కాళ్ళు పట్టుకుంటా."

నా మొహంలోకి చూసి మెల్లగా నవ్వింది. "అక్కా, నువ్వెప్పుడొచ్చావు?" అంది.

గంట క్రితం రోడ్డు మీదికొచ్చి నా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన మనిషి! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా అరచేతులు చల్లబడతాయి. చచ్చిపోతుందని కూడా అంత భయపడలేదు. బతికి, నన్నూ, తననీ మర్చిపోయి, ఆ ఇంటి అరుగు మీద కూచుండిపోతుందేమోనని భయపడ్డాను.

నేను పట్టుకునేలోపే నా మీద ఒరిగి కూలబడింది. అందరూ పరిగెత్తుకొచ్చారు. ఊళ్ళో వైద్యం చేసే ఆరెంపీ డాక్టరూ బంతిలోనే ఉన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి నాడి చూశాడు. "నీరసం, ఇంకేం లేదు. గ్లూకోజు ఎక్కిస్తే లేచి కూచుంటుంది" అన్నాడు. స్కూటరు మీద సంచి తెప్పించాడు. కళ్ళు మూసి తెరిచేంతలో ఆమెను ఉసిరిచెట్టు కింద చాప మీద పడుకోబెట్టారు. కొమ్మకి గ్లూకోజు బాటిల్ కట్టారు. అతను చేతికి నరం వెతికి సూది గుచ్చాడు.

"ఆపవయ్యా!" అని అరిచాను. తోటంతా నా వైపు తిరిగింది.

"ఎవరమ్మా మీరు? హెర్నియా ఆపరేషనైన మనిషికి గ్లూకోజు పెట్టకూడదని ఎవరు చెప్పారు?"

నేను నోరు తెరిచాను. మాట రాలేదు. నాకు! చాప మీద ఆ అమ్మాయి చెయ్యి తడుముకుంటూ వచ్చి నా చీరకుచ్చిళ్ళు పట్టుకుంది. తెలివి ఎంతుందో తెలియదు. ఆ పట్టు మాత్రం నాకు అర్థమైంది. చెప్పొద్దక్కా అని. పక్కన అత్తగారు, వెనక ఊరంతా ఉంది. ఆమె ఎవరికి తెలియకూడదని చచ్చేంత తిప్పలు పడిందో వాళ్ళందరూ ఒక్కచోటే నిలబడి నా నోటికేసి చూస్తున్నారు. ఒకవేళ నేను పొరపాటు పడుంటే? నిజంగా ఉపవాసం నీరసమే అయితే? ఊరికే ఒక ఆడమనిషి పరువు ఊరి మధ్యలో పారబోసినదాన్నవుతాను. డాక్టరు వేళ్ళు బాటిల్ కింద చక్రం మీద ఉన్నాయి. అది తిప్పితే చాలు, దిగడం మొదలవుతుంది.

"హెర్నియా కాదు" అన్నాను. "లావు తగ్గడానికి పొట్ట కోయించుకుంది. నేనూ కోయించుకున్నా, ఇద్దరికీ ఒకచోటే చేశారు. ఇది ఉపవాసం కాదయ్యా. తిన్నది నిలవక, మీకెవరికీ చెప్పలేక ఉపవాసం అంటోంది. విటమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు పోతుందని మాకు ముందే చెప్పారు."

చీరకుచ్చిళ్ళు పట్టుకున్న చెయ్యి నన్ను వదిలేసింది.

అత్తగారు నా మీద పడుతుందనుకున్నాను. ఆవిడ నన్నసలు చూడలేదు. వంగి కోడలి మొహంలోకి చూసింది, గడ్డం కింద చర్మం పట్టుకుని చూసింది. తర్వాత ఆరెంపీ వైపు తిరిగింది.

"ముందు ఆ సూది తియ్యరా" అంది.

"పెద్దమ్మా, ఈవిడ మాట పట్టుకుని..."

"తియ్యమన్నానా!"

తీశాడు. సెల్లుకి సిగ్నల్ లేదు. తోట పక్కన ఇసుకతో ఆగి ఉన్న ట్రాక్టరు ట్రక్కు ఎక్కి నిలబడితే ఒక్క గీత వచ్చింది. హైదరాబాదు ఆసుపత్రి వాళ్ళు పలికేదాకా ఏడుకొండలవాడికి ఎన్ని మొక్కులు మొక్కానో. డాక్టరుగారు దొరికారు. ఆరెంపీని ట్రక్కు పైకి లాగి ఫోను అతని చెవికి పెట్టాను. వింటూ వింటూ అతని మొహం పాలిపోయింది. "ఉందండి... బి-విటమిన్ ఇంజక్షన్ నా సంచిలోనే ఉందండి... ఇప్పుడే ఇస్తానండి" అంటూ కిందికి దూకాడు. అతన్ని నేనేమీ అనను. మా వైపు నీరసానికి ఎవరైనా చేసే పనే చేశాడు. ఆ మధ్యాహ్నం ఊళ్ళోవాళ్ళ కారులో గుంటూరు ఆసుపత్రి దాకా వచ్చాడు, దారిలో ఆమె చెయ్యి వదల్లేదు.

కారు వెనక సీటులో కోడలి తల అత్తగారి ఒళ్ళో ఉంది. దారంతా పత్తి లారీలు, ఒక్కటీ తప్పుకోదు. వెధవ లారీలు అని తిట్టుకుంటూ, మధ్యమధ్య ఆ అమ్మాయి పేరు పెట్టి పిలుస్తూ కూచున్నాను. పలికినప్పుడల్లా పేరైనా తెలిసిందని, పలకనప్పుడల్లా అయిపోయిందని అనుకున్నాను.

చాలా దూరం పోయాక అత్తగారు అడిగింది. "నేనన్న మాటకేనా అమ్మా కోయించుకుంది?"

పిల్లల కోసం పిన్నిగారూ అని చెప్పొచ్చు, అదీ నిజమే. "అది ఆమెనే అడగండి" అన్నాను. ఆవిడ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

గుంటూరులో విటమిన్ నరానికి ఎక్కించారు. తర్వాత హైదరాబాదు తీసుకెళితే, పొట్టా పేగూ కలిపి కుట్టినచోట దారి మూసుకుపోయేంత సన్నబడిందన్నారు. గొంతులోంచి గొట్టం వేసి వెడల్పు చేశారు. ఆ వాంతుల్లో ఆమె తప్పేమీ లేదు. పాపం, గబగబా తింటున్నానేమో, నా కక్కుర్తి పోలేదేమోనని తన్ను తానే తిట్టుకుంటూ దాచిందట. కళ్ళు త్వరలోనే కుదురుకున్నాయి. మతిమరుపు మెల్లగా తగ్గింది. కాళ్ళు మాత్రం ఇంకా గోడ పట్టుకునే నడిచేవి.

నేను చూడడానికి వెళితే గోడవైపు తిరిగి పడుకుంది.

"ప్రాణం పోతుందని చెప్పానే" అన్నాను.

"ఒట్టేశావుగా" అంది. వాళ్ళాయన నాకు దణ్ణం పెట్టాడు గానీ ఆ దణ్ణం నాకెందుకు? మెట్లు దిగి వస్తూ ఏడ్చాను. కోపం కూడా వచ్చింది. నీ దుంప తెగ, బతికున్నావు కాబట్టే కదే నన్ను తిడుతున్నావు అనుకున్నాను.

నేను మాత్రం ఆదివారం ఫోను మానలేదు. ఆ అమ్మాయి ఇంటికొచ్చాక ప్రతి వారం అత్తగారే తీసేది. "తింటోందమ్మా. మాత్రలు నేనే వేస్తున్నా. బాగుంది" అనేది. ఆ ఇంట్లో ఇప్పుడు ఉపవాసాలు లేవు. కంచం ముందు కూచుని ఇంకో ముద్ద తినమనడం కూడా ఆవిడ మానేసిందట. అయినా ఆ 'బాగుంది' వినగానే నా గుండె జారేది. కోడలికి ఫోనివ్వమంటే స్నానానికెళ్ళిందనేది, పడుకుందనేది. వెనక ఎక్కడో గోడ పట్టుకుని నడిచే చప్పుడు నాకు వినబడుతూనే ఉండేది. పెట్టేశాక ఆ రోజంతా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేదాన్ని కాదు. మా ఆయన మిల్లు దరిదాపులకి వచ్చేవాడు కాదు.

మాఘమాసం వచ్చింది. కొత్త మిరపకాయలు యార్డుకి దిగాయి. మిల్లుకి ఆదివారమనేది లేకుండా పోయింది. తుమ్ముకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ ఫోన్ చేశాను. అత్తగారు తీసింది.

"బాగుందమ్మా. రెండు పూటలా తింటోంది. బాగానే..."

అవతల ఏదో పెనుగులాట వినబడింది. ఫోను చేతులు మారింది. ఎవరో రొప్పుతున్నారు.

"బాగాలేదక్కా" అంది ఆ అమ్మాయి.

ఫోను చెవికి గట్టిగా నొక్కుకున్నాను.

"అత్తయ్య నువ్వు కంగారు పడతావని చెప్పడం లేదు. మొన్నటి నుంచీ తిన్నది దిగడం లేదు. నిన్న రెండుసార్లు కక్కాను. కాళ్ళు మళ్ళీ తిమ్మిరెక్కుతున్నాయి. నాకు భయంగా ఉందక్కా. చాలా భయంగా ఉంది."

ఎన్నో ఆదివారాల తర్వాత తను దాచకుండా చెప్పిన ఆ 'బాగాలేదు'కి, అంత భయంలోనూ నవ్వూ ఏడుపూ కలిసి తన్నుకొచ్చాయి. చెప్పులెక్కడున్నాయో వెతుక్కుంటూ, మిల్లు చప్పుడుని మించి అరిచాను.

"వస్తున్నానే! హైదరాబాదు పోదాం. నేనొచ్చేదాకా ఎవర్నీ గ్లూకోజు పెట్టనివ్వకు!"